ముఖం పలకని నాన్న, కన్నీరు ఆగని మేనమామ

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆర్టీసీ డిపోలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఆరేళ్ల క్రితం పార్కిన్సన్స్ జబ్బు అని తేలింది. మందులతో వణుకు అదుపులోనే ఉంది గానీ ముఖంలో కదలిక పోయింది. కిందటి ఏడాది మా పెదనాన్న చనిపోతే పక్కన కూర్చున్నారే తప్ప కన్నీటి చుక్క రాల్చలేదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియోలో అందరూ నవ్వుతుంటే ఆయన ఒక్కరే గోడను చూస్తున్నట్టు ఉన్నారు. "ఈ మనిషికి నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే" అని అమ్మ బాధపడుతోంది. మరోవైపు మా మేనమామ పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఎవరు పలకరించినా, చివరికి టీవీలో వాతావరణ వార్తలు వచ్చినా వెక్కి వెక్కి ఏడుస్తాడు. చుట్టాలు నాన్నను రాయి అంటున్నారు, మామయ్యది వెన్నలాంటి మనసు అంటున్నారు. బయటికి కనిపించేదానికీ లోపల జరిగేదానికీ నిజంగా తేడా ఉంటుందా? ఉన్నా, అది మాకు కనపడనప్పుడు ఉన్నట్టా, లేనట్టా? వీళ్లిద్దరితో మేం ఎలా మసలుకోవాలి?
(ఒక పాఠకురాలు, ఖమ్మం)

సమాధానం:

అమ్మా,

మీ మొదటి ప్రశ్నకు సూటిగానే జవాబివ్వవచ్చు. తేడా ఉంటుంది, అది రెండు వైపులా ఉంటుంది, ఆ రెండూ మీ కుటుంబంలోనే ఉన్నట్టు తోస్తోంది. లోపల ఉన్నది బయటికి రాకపోవడం మీ నాన్నగారి స్థితి కావచ్చు; లోపల లేనిది, లేదా లోపల కొంచెమే ఉన్నది, ఎన్నో రెట్లుగా బయటికి రావడం మీ మేనమామగారి స్థితి కావచ్చు. ఒకరికి రాయి అని, ఒకరికి వెన్న అని పేరు పెట్టిన మీ చుట్టాలు ఇద్దరి ముఖాలూ చూశారే తప్ప ఇద్దరిలో ఎవరినీ అడిగి ఉండరని నా అనుమానం. నేను చాలాకాలం తర్కమూ తత్వశాస్త్రమూ బోధించినవాణ్ణి, నాడీవైద్యుణ్ణి కాను. కనుక మందుల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా మీ డాక్టరుగారి మాటే ప్రమాణంగా తీసుకోండి.

ముందు నాన్నగారి ముఖం సంగతి చూద్దాం. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు ముఖ్యంగా వణుకునూ నడకనూ గమనించాడు. ముఖం బిగుసుకుపోవడం కూడా జబ్బులో భాగమేనని తర్వాతి వైద్యులు స్థిరపరిచారు. మెదడు అడుగుభాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల, మనం తలచుకోకుండానే జరిగిపోయే చిన్న చిన్న కదలికలు బాగా దెబ్బతింటాయి: నడిచేటప్పుడు చేతులు ఊగడం, కనురెప్పలు కొట్టుకోవడం, ఎదుటివారు నవ్వితే మన పెదవులు కూడా కాస్త విచ్చుకోవడం. ఫొటోగ్రాఫరు అడిగితే తెచ్చిపెట్టుకునే నవ్వుకూ, మనవరాలి మాటకు మనకు తెలియకుండా వచ్చే నవ్వుకూ మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావు. మెదడు పైపొరలో ఒక పక్క దెబ్బ తగిలిన కొందరు రోగులు నవ్వమంటే మూతి ఒక వైపుకే సాగుతుంది గానీ, నిజంగా నవ్వు వచ్చినప్పుడు రెండు వైపులా సమంగా నవ్వుతారు. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఆ తెలియకుండా వచ్చే నవ్వు దారి. మీరు పక్కన నిలబడి "నాన్నా, ఒక్కసారి నవ్వండి" అంటే ఆయన కొంచెం నవ్వగలిగే ఉంటారు. ఎవరూ అడగని ఓణీల ఫంక్షన్‌లోనే ఆ ముఖం గోడలా కనిపించింది.

దీనికి తోడు గొంతు చిన్నదవుతుంది, మాటలోని ఎత్తుపల్లాలు పోయి అంతా ఒకే శ్రుతిలో వినిపిస్తుంది, రెప్పపాటు తగ్గడం వల్ల చూపు గుచ్చినట్టో శూన్యంగానో అనిపిస్తుంది. ఒక మనిషికి మనమీద ఆదరం ఉందా లేదా అని తెలుసుకోవడానికి మనం వెతికే గుర్తులన్నీ ఇవే కావడం ఈ జబ్బులోని క్రూరత్వం. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా టికిల్-డెగ్నెన్ బృందం చేసిన పరిశీలనల్లో, ఈ వృత్తిలో ఉన్న వైద్యసిబ్బంది కూడా ముఖం బిగిసిన రోగులను ఉన్నదానికంటే ఎక్కువ కుంగిపోయినవారిగా, తక్కువ కలుపుగోలుతనం ఉన్నవారిగా అంచనా వేశారు. చదువుకున్నవారే పొరబడిన చోట పెదనాన్నగారి దినానికి వచ్చిన చుట్టాలు పొరబడటంలో వింత లేదు.

అయితే ముఖం కదలకపోయినా లోపల అనుభవం ఉండగలదని రుజువేమిటి, మన జాలి మనచేత అలా అనిపిస్తోందేమో అని మీరు అడగవచ్చు. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఒక వైద్యుడు తన శరీరం మీదే చేయించుకున్న ప్రయోగం. 1942లో కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ శస్త్రచికిత్సల్లో క్యురారే అనే మందు వాడటం మొదలుపెట్టాడు. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే విషం నుంచి తీసిన ఆ మందు కండరాలను పూర్తిగా వదులు చేస్తుంది. అది ఎక్కిన రోగి కదలడు, మూలగడు, కనుబొమ కూడా ముడవడు. అలాంటప్పుడు అది కండరాలతో పాటు స్పృహను కూడా అణుస్తోందా, లేక రోగి అంతా తెలుస్తూనే చెప్పలేని స్థితిలో ఉంటున్నాడా అన్న సందేహం తీరకుండా ఉండిపోయింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మత్తువైద్యుడైన స్కాట్ స్మిత్, మరే మత్తుమందూ లేకుండా, తన శరీరంలో ఒక్క కండరమైనా కదలనంత మోతాదులో ఆ మందు ఎక్కించుకున్నాడు. తోటి వైద్యులు బయటి నుంచి ఊపిరి అందించారు. మందు దిగాక, తనకు స్పృహ గానీ జ్ఞాపకం గానీ నొప్పి తెలియడం గానీ ఏమాత్రం తగ్గలేదని, జరిగినదంతా తెలుస్తూనే ఉందని ఆయన చెప్పాడు. ఆ వివరాలు 1947లో ప్రచురితమయ్యాయి. ఆ సమయంలో ఆయన మంచం పక్కన నిలబడి చూసినవారికి కనిపించిన ప్రవర్తన సున్న.

మీ రెండో ప్రశ్న, అంటే కనపడనిది ఉన్నట్టా లేనట్టా అన్నది, ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వశాస్త్రంలో ఒక బలమైన పక్షం లేనట్టే అన్నంత పని చేసింది. 1913లో జాన్ వాట్సన్, శాస్త్రానికి కావలసింది బయటికి కనిపించే ప్రవర్తనేననీ, లోపలి అనుభవాల ప్రస్తావన పూర్తిగా మానుకోవాలనీ వాదించాడు. ఆ పక్షంవారు స్మిత్ ప్రయోగం గురించి ఒక పదునైన మాట అనగలరు: ఆయనకు లోపల స్పృహ ఉందని మనకు ఎలా తెలిసింది? తర్వాత ఆయన నోటితో చెప్పబట్టే గదా. చెప్పడం కూడా ప్రవర్తనే గదా? ఈ మాట నిజమే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎదుటి మనిషి లోపలికి మనకు ఉన్న దారులన్నీ ఆ మనిషి మాటలూ చేతలే. కానీ స్మిత్ చెప్పింది తాను మాట్లాడుతున్నప్పటి సంగతి కాదు, అంతకుముందు తన ప్రవర్తన శూన్యంగా ఉన్న సమయపు సంగతి. ఆ సమయంలో లోపల ఏదో ఉండబట్టే తర్వాత చెప్పడానికి ఏదో మిగిలింది. మందు దిగకముందే ఆయన చనిపోయి ఉంటే ఆ అనుభవం ఎవరికీ తెలిసేది కాదు, కానీ జరగకుండా పోయేది కాదు. ఉండటం ఒకటి, మనకు తెలియడం ఒకటి. రెండోది మొదటిదాన్ని పుట్టించదు.

2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ సంగతినే మరో విధంగా చూపింది. రోడ్డు ప్రమాదం తర్వాత కళ్లు తెరిచే ఉన్నా దేనికీ స్పందించని 23 ఏళ్ల యువతిని స్కానింగ్ యంత్రంలో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని ఒకసారి, సొంత ఇంటి గదుల్లో తిరుగుతున్నట్టు ఊహించుకోమని ఒకసారి చెప్పారు. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగాలు వెలుగుతాయో ఆమె మెదడులోనూ అవే భాగాలు వెలిగాయి. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, పరీక్షించినవారి ఆదేశాలకు పైకి ఏ స్పందనా చూపని 241 మంది రోగుల్లో 60 మంది మెదళ్లు ఆదేశాలను పాటించినట్టు స్కాన్లలో గానీ మెదడు తరంగాల పరీక్షల్లో గానీ, లేదా రెంటిలోనూ గానీ కనిపించింది. మిగిలినవారిలో ఏముందో ఆ పరీక్ష చెప్పదు. నొప్పి గురించి పనిచేసే అంతర్జాతీయ సంఘం కూడా 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, ఒకరు చెప్పలేకపోయినంత మాత్రాన వారికి నొప్పి లేదని అనుకోకూడదని స్పష్టంగా చెప్పింది.

మీ నాన్నగారిది అంత దూరం వెళ్లిన స్థితి కాదు, ఆయన మాట్లాడగలరు. కానీ తర్కం అదే, అది మనకు కొత్తదీ కాదు. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ ఒక్క సమస్య మీదే 'సంతానాంతరసిద్ధి' అనే చిన్న గ్రంథం రాశాడు. సంతానం అంటే ఇక్కడ పిల్లలు కారు, ఒక్కొక్కరిలో సాగే చిత్తప్రవాహం. నాలో కాక మరొకరిలో కూడా అలాంటి ప్రవాహం ఉందని నేను ఎలా తెలుసుకుంటాను అన్నది ఆయన ప్రశ్న. నేను మాట్లాడే ముందు, చేయి కదిపే ముందు నాలో ఒక తలపు ఉంటుంది. ఇతరుల్లోనూ మాటా చేతా కనిపిస్తున్నాయి కాబట్టి వాటి వెనక వారి తలపు ఉందని ఊహిస్తాను అంటాడు. పొగను బట్టి నిప్పును ఊహించడం లాంటిదే ఇది. అయితే ఆ ఊహ ఒకే దిక్కున నడుస్తుందని మన తార్కికులందరికీ తెలుసు. పొగ ఉంటే నిప్పు ఉంది అనవచ్చు. పొగ లేదు కాబట్టి నిప్పు లేదు అనకూడదు. దీనికి తర్కం పాఠాల్లో చెప్పే ఉదాహరణ కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండు. అందులో ఉన్నదంతా నిప్పే, పొగ మాత్రం ఉండదు. కన్నీరు లేదు కాబట్టి దుఃఖం లేదు అన్న మీ చుట్టాల వాదం ఆ ఇనుపగుండును చేత్తో పట్టుకోవచ్చు అన్నట్టుంది.

మేనమామగారి సంగతికి కూడా అదే తర్కంలో చోటుంది. దూరాన లేస్తున్నది పొగో ఆవిరో తేలకముందే దాన్ని చూపి నిప్పు ఉందని వాదించడం దోషమని ధర్మకీర్తే 'న్యాయబిందువు'లో చెప్పాడు. అక్కడ ఆవిరికి వాడిన మాట బాష్పం. ఆ మాటకు మనం కన్నీరు అనే అర్థం కూడా చెప్పుకుంటామని నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! మీ ఉత్తరం చదివాక గానీ ఆ ఉదాహరణ ఎంత దగ్గరిదో నాకు తట్టలేదు. పక్షవాతం తర్వాత కొందరిలో ఏడుపును, నవ్వును అదుపులో ఉంచే మెదడు దారులు తెగిపోతాయి. అప్పుడు పలకరింపు లాంటి చిన్న విషయానికి, లేదా ఏ కారణమూ లేకుండానే, ఏడుపు కొన్ని క్షణాల పాటు గానీ కొన్ని నిమిషాల పాటు గానీ పొంగుతుంది, వచ్చినంత హఠాత్తుగా ఆగిపోతుంది. పక్షవాతం లాంటి మెదడు జబ్బులు ఏడుపును ప్రేరేపిస్తాయని 1872లో డార్విన్ కూడా రాశాడు. ఇలాంటి రోగులను నెమ్మదిగా అడిగితే చాలామంది, "నాకు అంత బాధేమీ లేదు, అదే వచ్చేస్తోంది, సిగ్గుగా ఉంది" అంటారు. వాతావరణ వార్తలకు వచ్చిన ఏడుపు తప్పకుండా ఈ కోవలోదేనని చూడకుండా నేను చెప్పలేను. పక్షవాతం తర్వాత నిజమైన దిగులు కూడా చాలామందికి పడుతుంది, అప్పుడు ఏడుపు లోపలిదే అవుతుంది. రెంటికీ చికిత్స ఉంది. అందుకే ఆయన్ను వెన్నమనసు మనిషి అని మెచ్చుకుని ఊరుకోకుండా, ఈ ఏడుపు ఎప్పుడు, ఎంతసేపు వస్తోందో రాసుకుని వెళ్లి న్యూరాలజిస్టుకు చెప్పమని ఆయన ఇంటివారికి చెప్పండి. ఏడుపు వచ్చినప్పుడు అందరూ చుట్టూ మూగి ఓదార్చకుండా మాట మార్చడం మేలు. ఆగాక మాత్రం అడగాలి: "మామయ్యా, ఇది బాధతో వచ్చిందా, ఊరికే వచ్చిందా?"

మన అలంకారశాస్త్రానికి ఈ తేడా బాగా తెలుసు. లోపలి భావం వల్ల బయటికి కనిపించే కనుబొమ కదలికను, చూపును, గద్గదస్వరాన్ని అది అనుభావం అంది. అనుభవానికీ అనుభావానికీ మధ్య ఒక్క దీర్ఘమే తేడా, కానీ కూచిపూడి వేదిక మీద సత్యభామ విరహమంతా ఆ దీర్ఘంలోనే ఉంది. కళ్లలో, పెదవిలో, జడ విసురులో అనుభావాలన్నీ పండించిన కళాకారిణికి ఆ క్షణాన ఏ కృష్ణుడి మీదా కోపం ఉండనక్కరలేదు.

ఇంతవరకూ చెప్పినదాన్ని పట్టుకుని మీ నాన్నగారి లోపల అంతా ఎప్పటిలాగే నిండుగా ఉందని తీర్మానించుకోకండి. ప్రేమ కూడా ముఖాన్ని తప్పుగా చదివిస్తుంది. పొగ లేదు కాబట్టి నిప్పు లేదనడం ఎంత తప్పో, పొగ లేని చోటల్లా నిప్పు ఉంటుందనడం అంతే తప్పు. పార్కిన్సన్స్‌లో దిగులు జబ్బు తరచుగా వస్తుంది. దానికి భిన్నంగా నిరాసక్తత అనే స్థితి కూడా వస్తుంది; అందులో మనిషి బాధపడడు, కానీ దేని మీదా ఆసక్తి పుట్టదు, తనంతట తాను ఏదీ మొదలుపెట్టడు. ఇవి మూడూ, అంటే బిగిసిన ముఖం, దిగులు, నిరాసక్తత, బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి. విడదీయడానికి ముఖం పనికిరాదు కాబట్టి ఇతర చోట్ల చూడాలి. ఆయన పేపరు తెప్పించుకుంటున్నారా? పాత డిపో స్నేహితుడి ఫోను కోసం అడుగుతున్నారా? అమ్మగారు ఊరెళ్తే ఎప్పుడు వస్తుందని ఒక్కసారైనా అన్నారా? నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి? ఈ వివరాలతో డాక్టరుగారి దగ్గరకు వెళ్లి, దిగులూ నిరాసక్తతా ఉన్నాయేమో చూడమని మీరే అడగండి. చేతి వణుకును, నడకను చూసి మాత్ర మార్చి పంపే హడావుడిలో ఆ ప్రశ్న అడగకుండా మిగిలిపోతుంటుంది.

ఇక మీ అమ్మగారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువుగా అనిపించింది ఆమె మాటే. ఆమెకు డోపమైన్ పాఠం చెప్పి "నాన్నకు ప్రేమ ఉందమ్మా, కనపడదంతే" అంటే ఆ మాట ఆమెకు సరిపోదు, సరిపోవాలని ఆశించకూడదు కూడా. దశాబ్దాల పాటు ఆమె ఆ ముఖాన్ని చదువుతూ కాపురం చేశారు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన నోటితో చెప్పవలసిన అవసరం వచ్చి ఉండదు. ఆ పుస్తకం మూసుకుపోయింది. లోపల కథ నడుస్తున్నా చదివే వీలు లేకపోవడం ఆమెకు నిజమైన నష్టమే, దాన్ని ఆమె అపోహ అనకండి. చేయగలిగింది వేరే లిపి ఏర్పరచుకోవడం. మన ఇళ్లల్లో ఆ తరం మగవాళ్లు "బాగుంది", "సంతోషంగా ఉంది", "నువ్వు లేకపోతే తోచలేదు" అనే మాటలు నోటితో అనడం అలవాటు లేని పని. ముఖమే ఆ పని చేసిపెట్టేది. ఇప్పుడు మాటే చేయాలి. ఈ సంగతి నాన్నగారికి మీరే చెప్పండి: ఆయన ముఖం ఎలా కనిపిస్తోందో ఆయనకు తెలియకపోవచ్చు, లోపల నవ్వుకుంటూ బయట కూడా నవ్వుతున్నాననే అనుకుంటూ ఉండవచ్చు. ఓణీల వీడియో ఆయనకు చూపించడం మొరటుగా అనిపిస్తే వద్దు, మాటల్లో చెప్పండి. మాట కష్టమైన రోజు చేయి నొక్కడం లాంటి ఒక గుర్తు పెట్టుకోమనండి. గొంతు పెంచడానికి, ముఖ కండరాలు కదపడానికి స్పీచ్ థెరపీలో సాధనలున్నాయి. వాటివల్ల కొందరికి గణనీయమైన మేలు జరుగుతుంది.

ముఖ్యమైన మాటలకు వేళ కూడా చూసుకోవాలి. మాత్ర పనిచేస్తున్న గంటల్లో ముఖమూ మాటా రెండూ కాస్త తేలికపడతాయి. ఆ వేళ ఎప్పుడో మీ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుస్తుంది, ఆయన్నే అడగండి. పప్పు, పెరుగు, మాంసం లాంటివాటితో కలిపి వేసుకుంటే కొందరిలో మాత్ర సరిగా పట్టదు, ఆ ఎడం ఎంత ఉండాలో డాక్టరుగారు చెబుతారు.

పెదనాన్నగారు పోయిన రోజు ఆయనకు ఎలా అనిపించిందో ఈ ఏడాదిలో ఎవరైనా అడిగారా? ఎవరూ అడిగి ఉండకపోతే మీరు అడగండి. అమ్మగారు కూడా పక్కన ఉన్నప్పుడు, మాత్ర పట్టిన వేళ, టీవీ కట్టేసి అడగండి, ఎందుకంటే ఆయన గొంతు చిన్నది. అడిగాక వెంటనే జవాబు రాకపోతే ఇంకో ప్రశ్న వేయకండి, "పోనీలే నాన్నా" అని లేవకండి. ఈ జబ్బులో మాట బయలుదేరడానికి సమయం పడుతుంది. మీకు ఇబ్బందిగా అనిపించేటంతసేపు కూర్చోండి.